తీపి తాగేది ఎవరు? - లెక్కలోకి రాని చక్కెర కథ

మన ఆఫీసుల్లో ఒక తమాషా చూసే ఉంటారు. ఎవరన్నా మధ్యాహ్నం కోక్ డబ్బా తెరిస్తే "షుగరొస్తుంది గురూ" అని జాగ్రత్త చెప్పే పెద్దమనిషి చేతిలో ఆ రోజుకి నాలుగో టీ కప్పు ఉంటుంది. కూల్‌డ్రింకు అంటే చక్కెర, టీ అంటే టీ! ఈ తేడా మన బుర్రల్లోనే కాదు, సర్కారు లెక్కల్లో కూడా ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) 15-49 ఏళ్ళ ఆడవాళ్ళనీ, 15-54 ఏళ్ళ మగవాళ్ళనీ ఏమేం తింటారు, ఎంత తరచుగా తింటారు అని అడిగింది. పాలు-పెరుగు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు, గుడ్లు, చేపలు, మాంసం, వేపుళ్ళు, గ్యాసున్న కూల్‌డ్రింకులు. కూల్‌డ్రింకులు ఆడవాళ్ళ కన్నా మగవాళ్ళే ఎక్కువ తాగుతారని తేలింది. 187 దేశాల 2010 నాటి వివరాలతో 2015లో వచ్చిన ఒక అధ్యయనం, వయసులో ఉన్నవాళ్ళు ముసలివాళ్ళ కన్నా తీపి పానీయాలు ఎక్కువ తాగుతారంది. బాగానే ఉంది. కానీ మన భాషలో చెప్పాలంటే, సర్వే టేబుల్లో చక్కెర వేసిన టీకి కాలమ్ లేదు. యాభై దాటిన ఆడవాళ్ళకి అసలు రో కూడా లేదు. ఇక క్వెరీ ఎంత బాగా రాస్తే ఏం లాభం?

నాకు తెలిసిన ఊళ్ళ సంగతి చెప్తాను. మాది గడివేముల వైపు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. కూల్‌డ్రింకులు రాకముందు మా వైపు బజారులో దొరికే తీపి పానీయం అంటే నన్నారి షర్బత్తు. నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చే వేర్లతో కాచిన పాకం, నిమ్మకాయ, దాంట్లోకి గోలీసోడా. (ఆ వేరు వాసనకి కారణమైన పదార్థం వెనిల్లాలో ఉండే వెనిలిన్‌కి దగ్గరి చుట్టమే. ఆ గోలీ సీసాకి హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ తీసుకున్నాడు.)

ఇది దొరికేది ఎక్కడ? నంద్యాల, ఆళ్ళగడ్డ లాంటి టౌన్లలో, బస్టాండు దగ్గర, సినిమా హాలు దగ్గర. అక్కడికి విత్తనాలకీ, ఎరువులకీ, కోర్టు పనికీ రోజూ పోయేది మగవాళ్ళు. మా అవ్వ షర్బత్తు తాగిందీ అంటే ఆ రోజు ఆసుపత్రికో, పెళ్ళిబట్టలకో నంద్యాల పోయిందన్న మాట! ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకి మజ్జిగే. తీపి కావాలంటే శ్రీరామనవమికి పానకం. అంటే ఎవరు ఎంత తీపి తాగారన్నది నాలుక తేల్చిన విషయం కాదు, బజార్లో ఎవరు నిలబడగలరన్నది తేల్చింది.

ఈ గోడ దాటి వంటింట్లోకి నడిచొచ్చింది టీ ఒక్కటే. అదీ దానంతటది రాలేదు. 1903లో ఎగుమతి టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930ల మాంద్యంలో బయట ధరలు పడిపోయాయి, 1933 ఒప్పందంతో ఎగుమతులకి పరిమితి పడింది. దాంతో టీ కంపెనీల చూపు మన జనం మీద పడింది. ఊరూరా ఉచితంగా కాచి పోసి అలవాటు చేశారు. అదే దశాబ్దంలో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకుని నలగ్గొట్టి గుండ్లుగా చేసే ఈ టీపొడి కారుచౌక, కానీ రంగూ ఘాటూ ఎక్కువ. ఆ ఘాటుకి పాలూ చక్కెరా దండిగా పడాలి. ముందు హోటల్లో మగవాళ్ళు తాగారు, తర్వాత పొయ్యి మీదికొచ్చింది. బజారుకి పోని ఆడవాళ్ళకి రోజూ చక్కెర నీళ్ళు అందింది ఈ దారిలోనే.

ఇక కూల్‌డ్రింకు కథ మనందరం చూసిందే. 1973 నాటి విదేశీ మారక చట్టం గొడవతో 1977లో కోకాకోలా వెళ్ళిపోయింది. ఆ ఖాళీలో పార్లే వాళ్ళ థమ్సప్ వచ్చింది, సర్కారు తరఫున మోడరన్ బేకరీస్ వాళ్ళ డబుల్ సెవెన్ కూడా. 1993లో కోక్ తిరిగొచ్చి థమ్సప్‌నే కొనేసింది. తర్వాత మన దగ్గర దాన్ని అమ్మింది ఎవరు? చిరంజీవి, ఆ తర్వాత మహేష్ బాబు. 2001లో పెప్సీకి పవన్ కళ్యాణ్. దూకడాలు, ఛేజింగులు, ఉరుములు! 2003లో 200 మిల్లీ సీసా అయిదు రూపాయలకిచ్చి పల్లెల్లోకి తోశారు. ఇదంతా చేశాక సర్వేలో "కుర్రాళ్ళు, మగవాళ్ళు ఎక్కువ తాగుతున్నారు" అని వస్తే అందులో ఆశ్చర్యం ఏముంది? రిక్వైర్మెంట్ డాక్యుమెంటులో ఏం రాశారో అదే డెలివర్ అయింది :)

ఇప్పుడు చిన్న కూడిక. కోలాలో వంద మిల్లీలకి పది గ్రాములకి పైగా చక్కెర ఉంటుంది. 300 మిల్లీ సీసా అంటే దాదాపు 32 గ్రాములు. టీకి రెండు చెంచాలు, చెంచాకి నాలుగు గ్రాములు, రోజుకి నాలుగు టీలు. అదీ 32 గ్రాములే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం ఇలా విడిగా కలిపే చక్కెర రోజుకి 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. కుర్రాడు కోలా వారానికోసారి తాగుతాడు, వాళ్ళమ్మ టీ రోజుకి నాలుగుసార్లు. ఎవరి వాటా ఎక్కువ?

మా అమ్మకి షుగర్ ఉందని తేలిన రోజు డాక్టరు గారు "కూల్‌డ్రింకులు మానెయ్యాలమ్మా" అన్నారు. ఆమె జన్మలో పది సీసాలు తాగి ఉండదు. సరేనని బుద్ధిగా తలూపింది. టీ సంగతి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఇంటికొచ్చి అలసటగా ఉందని టీ పెట్టుకుంది.

ఐసీఎంఆర్ వాళ్ళ ఇండియాబ్ అధ్యయనం (2023) లెక్కన మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. టీ వల్లే ఇదంతా అని నేననను. అన్నం ఉంది, ఒళ్ళు కదలని ఉద్యోగాలున్నాయి, వంశం ఉంది. కానీ రోజూ నాలుగుసార్లు లోపలికి పోయేదాన్ని అసలు లెక్కే పెట్టకపోవడం ఏం పద్ధతి?

సర్వేలో కాలమ్ చేర్చడం మన చేతుల్లో లేదు. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు "షుగర్ ఎంతుందిమా?" అని మాత్రం అడిగి ఊరుకోకండి. "రోజుకి ఎన్ని టీలు, టీకి ఎన్ని చెంచాలు?" అని కూడా అడగండి. ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు.