బఫరింగ్ కథా కమామిషు

మొన్న ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నా. పక్క ఫ్లాట్‌లోంచి ఒకటే కేకలు. నా ఫోన్‌లో బౌలర్ ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు. వాళ్ళది డిష్ టీవీ, నాది స్ట్రీమింగ్. అర నిమిషం ముందే సిక్సర్ అని తెలిసిపోయాక ఇంకేం చూస్తాం! "సర్వర్ దండగ" అని మా తమ్ముడు తేల్చేశాడు. కాదురా, ఇది మన ఇంజనీర్లు తెలిసి తెలిసి కుదుర్చుకున్న బేరం అంటే వినడే. మీరైనా వినండి.

1996లో ఆర్‌టీపీ, 1998లో ఆర్‌టీఎస్‌పీ ప్రమాణాలుగా వచ్చాయి. ఆలోచన చక్కనిదే. ప్లే, పాజ్ లాంటి ఆదేశాలు 554 పోర్టులో వెళ్తాయి, వీడియో యూడీపీ మీద వస్తుంది. ఒక ప్యాకెట్ పోతే పోనీ, దానికోసం ఆగేది లేదు. ఆలస్యం చాలా తక్కువ. కానీ ఆఫీసుల్లో ఫైర్‌వాల్, ఇళ్ళల్లో నాట్ అడ్డం పడ్డాయి. కనెక్షన్ కుదురుతుంది, సర్వర్ లాగ్‌లో అంతా సవ్యమే, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ప్యాకెట్లు గుమ్మం దగ్గరే చచ్చిపోతున్నాయన్నమాట. సీసీ కెమెరాలతో పని చేసేవాళ్ళకి ఈ నల్ల తెర ఇవాళ్టికీ పరిచయమే. ఆర్‌టీఎస్‌పీని టీసీపీ మీద నడపమంటే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది.

తర్వాత ఫ్లాష్ వాళ్ళ ఆర్‌టీఎంపీ 1935 పోర్టు పట్టుకుంది. అదీ మూసేస్తే హెచ్‌టీటీపీ ముసుగేసుకుని 80లోంచి దూరేది. అంటే ఎటు తిరిగినా అందరూ చేరింది ఆ ఒక్క తలుపు దగ్గరికే.

ఇంకో తలనొప్పి జనం. 1999 ఫిబ్రవరిలో విక్టోరియాస్ సీక్రెట్ ఫ్యాషన్ షోని నెట్‌లో లైవ్ ఇస్తే లక్షలమంది ఎగబడ్డారు, చాలామందికి బొమ్మే పడలేదు.

2009లో ఆపిల్ హెచ్‌ఎల్‌ఎస్ ఈ రెంటికీ ఒకటే మందు వేసింది. వీడియోని చిన్న చిన్న ఫైళ్ళుగా కోసెయ్, వాటి జాబితా ఒక ప్లేలిస్టులో పెట్టు, మామూలు వెబ్ సర్వరే పంచిపెడుతుంది. ఫైర్‌వాల్ అడ్డు లేదు, కాష్ చేసుకోవచ్చు కాబట్టి జనమెంతమంది వచ్చినా సీడీఎన్ చూసుకుంటుంది.

మరి బేరం ఏంటంటారా? ఆలస్యం. ముక్క పూర్తిగా తయారైతేగానీ పంపలేం. పైగా లైవ్‌లో ప్లేయర్ కనీసం మూడు ముక్కల వెనకనుంచి మొదలెట్టాలని నియమం. ఆపిల్ మొదట చెప్పిన ముక్క 10 సెకన్లు, అంటే 30 సెకన్ల వెనకబాటు. 2016లో దాన్ని 6 చేశారు, అయినా 18. ఎన్‌కోడర్, సీడీఎన్ ఆలస్యాలు అదనం. నా సిక్సర్ అక్కడే ఇరుక్కుంది! తక్కువ ఆలస్యం కోసం ఆపిల్ 2019లో ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేసే పద్ధతి తెచ్చింది గానీ, ముక్క చిన్నదైన కొద్దీ నెట్ కాస్త తడబడినా బఫరింగ్ చక్రం తిరగడం మొదలెడుతుంది.

కాబట్టి స్ట్రీమ్ ఆగితే ముందు అది ఏ కాలం నాటిదో చూడండి. పాతదైతే పోర్టులు చూడాలి. కొత్తదైతే ప్లేలిస్టు చూడాలి. సీడీఎన్ దాని పాత కాపీనే ఇస్తూ ఉంటే సర్వర్ ఎంత బాగున్నా లైవ్ కదలదు. తప్పులు పోలేదండీ, చోటు మారాయంతే.

వచ్చే మ్యాచ్‌కి మాత్రం నేను పక్క ఫ్లాట్‌కే వెళ్తున్నా.