నపుంసకశబ్దము - నిజాము శాసనము

ఫసలీ 1329, అనఁగా క్రీ.శ. 1919 నాఁడు నిజాము ప్రభుత్వము హిజ్రాలనుగూర్చి యొక శాసనము గావించెను. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతము లప్పు డా సంస్థానమునఁ జేరినవే. 1871 నాఁటి బ్రిటిషువారి నేరస్థజాతుల చట్టమునకును దీనికిని పోలిక గలదు. హిజ్రాల పేరులు పట్టీ కెక్కింపవలయుననియు, స్త్రీవేషముతో బహిరంగస్థలమునఁ గానవచ్చినవారిని, ఆడిపాడినవారిని వారంటు లేకయే పట్టవచ్చుననియు విధించిరి. రెండేండ్లవఱకు కారాగారము. పుంస్త్వము లేదని వైద్యపరీక్షచే నిర్ణయింపఁజూచిన శాసనకర్తలే నిర్వచనమున వారిని పురుషజాతివారనిరి!

ఈ చిక్కు శబ్దమునందును గలదు. "నపుంసకుఁడు" అనుచో సంస్కృతప్రకృతి పురుషత్వమును గాదనుచుండఁగా, తెలుఁగు డుప్రత్యయము పురుషుఁడే యనుచున్నది. పేడి యను దేశ్యమున కీ బాధ లేదు. అవయవచిహ్నములే లింగమైనచో ఖట్వా, వృక్షాదిశబ్దములకు లింగమెట్లని మహాభాష్యము మున్నే విచారించినది. భార్యార్థముననే దారశబ్దము పుంలింగము, కళత్రము నపుంసకము. శబ్దలింగము వేఱు, శరీరలింగము వేఱు.

తెలుఁగు దారి యింకొకటి. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ననుసరించి స్త్రీవాచకము లేకవచనమున క్లీబమువలెను, బహువచనమున మహత్తువలెను నడచును. రాముఁడు వచ్చినాఁడు, సీత వచ్చినది, ఆవు వచ్చినది. స్త్రీని ఆవుతోఁ గట్టుట గౌరవహీనమను నాక్షేపము త్రోసివేయరానిది. చేవెళ్ల యంగడిలో "ఆమె వచ్చింది", "అది వచ్చింది" అనువానికి క్రియ యొక్కటే. మన్ననయు నీసడింపును సర్వనామమున నున్నవి. హిజ్రాను "అది" యన్నవాని తిట్టు వ్యాకరణదోషముగాఁ బట్టువడదు.

బహువచనమున "వారు వచ్చినారు" అన్నచో ఆఁడుమగ భేదమే లేదు. ఉత్తమపురుష మఱింత విశేషము. మొయినాబాదున వినవచ్చు ఉరుదూలో "ఆతా హూఁ" అనియో "ఆతీ హూఁ" అనియో వక్త తన లింగమును దన నోటనే చెప్పుకొనవలయును. "వచ్చుచున్నాను" అను తెలుఁగుమాట యా ప్రశ్న నడుగదు. అయినను "ఆతీ హూఁ" అని చెప్పుకొనఁగలుగుట కొందఱికి నిర్బంధము గాక స్వేచ్ఛయే కావచ్చును. తెలుఁగున కా యవకాశము లేదు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు లింగనిర్ణయము వ్యక్తి స్వాధీనమని తీర్పు చెప్పెను. అప్పటికిని నిజాము శాసనము రద్దు గాలేదు. తెలంగాణ పేరు తగిలించుకొని గ్రంథములందు నిలిచెను. రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని తెలంగాణ హైకోర్టు దానిని గొట్టివేసినది 2023 జూలైలో.