పాట కోసం తెరిచిన తలుపు

చదవగల శక్తి వేరు, చదవడానికి అధికారం వేరు. ఈ భేదం మన సమాజం చిరకాలంగా ఎరిగినదే. యంత్రాల లోకంలోనూ ఈ భేదం ఉన్నదని, ఆటపెట్టెల చరిత్ర చదివిన తరువాతనే నాకు బోధపడింది. సీడీ మీద ఏమి రాసి ఉన్నదో చదవగల శక్తి ఆ పెట్టెకు పుష్కలంగా ఉంటుంది. కాని తన యజమాని అచ్చువేయించిన సీడీ కాకపోతే చదవనని భీష్మించుకొని కూర్చుంటుంది. అటువంటి పెట్టెలలో ఒకటి, జపాను దేశపు సెగా సంస్థ చేసిన డ్రీమ్‌కాస్ట్. పాట కోసం తెరిచి ఉంచిన ఒక చిన్న తలుపు గుండా, జనం ఇంట రాసుకొన్న వీడియో సీడీలను అది లోపలికి రానిచ్చింది. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చివరకు ఇది మన ఇళ్లలోని పెళ్లి సీడీల దగ్గరకు వచ్చి చేరుతుంది కనుక, ఆటల మీద ఆసక్తి లేని మిత్రులు సైతం కొంచెం ఓపిక పట్టవలసిందని మనవి.

ముందుగా సీడీ స్వరూపం తెలుసుకొందాం. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో బజారుకు వచ్చింది. అది సంగీతం కోసం పుట్టింది. సెకనుకు 44,100 మార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా రాయడం దాని పద్ధతి. ఆ రాత అంతా చిన్న చిన్న గదులుగా విభజించి ఉంటుంది. సెకనుకు 75 గదులు, గదికి 2,352 బైట్లు. 74 నిమిషాల సీడీలో 3,33,000 గదులన్నమాట. తరువాత ఇదే సీడీని కంప్యూటరు సమాచారం దాచడానికి వాడినప్పుడు, గదికి 2,048 బైట్లే సమాచారానికి ఉంచి, మిగిలిన చోటులో చాలా భాగం దోష సవరణకు కేటాయించారు. పద్యంలో ఒక్క అక్షరం జారితే గణం చెడుతుంది, అర్థం చెడుతుంది. ప్రోగ్రాములో ఒక్క అంకె మారినా అంతే.

కదిలే బొమ్మ సంగతి వేరు. అందులో ఒక చుక్క చెదిరితే కంటికి ఆనదు. 1993లో వెలువడిన వీడియో సీడీ ప్రమాణం, అనగా 'వైట్ బుక్', ఈ సూక్ష్మం మీదనే నిలిచింది. బొమ్మల గదులలో దోష సవరణ తగ్గించి, గదికి 2,324 బైట్లు సమాచారానికి ఇచ్చారు. ఎంపెగ్-1 పద్ధతిలో కుదించిన బొమ్మకు సెకనుకు 1,150 కిలోబిట్లు, ధ్వనికి 224 కిలోబిట్లు. మన దేశపు పాల్ పద్ధతిలో బొమ్మ కొలత అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. ఈ లెక్కల ఫలితం ఏమిటంటే, పాట నడిచే వేగంతోనే సినిమా కూడా నడుస్తుంది. 74 నిమిషాల పాట పట్టే సీడీలో 74 నిమిషాల సినిమా పడుతుంది. పైగా ఈ ప్రమాణంలో నకలును నిరోధించే తాళం ఏదీ లేదు. సీడీ రాసే పరికరం ఉన్న ఎవరైనా ఇంట కూర్చొని వీడియో సీడీ తయారు చేసుకోవచ్చు.

అమెరికా, ఐరోపా ఖండాలు దీనిని పెద్దగా ఆదరించలేదు. వారికి అప్పటికే ఇంటింటా క్యాసెట్లు ఉన్నాయి. ఆసియా మాత్రం అక్కున చేర్చుకొంది. చైనాలో వాన్‌యాన్ అనే సంస్థ 1993లోనే వీడియో సీడీ ప్లేయరు చేసింది. మన తెలుగు నాట సినిమా అంటే రెండు మూడు సీడీల కట్ట. పెళ్లి వీడియో తీసినవారు పెళ్లివారికి చివరకు అప్పగించేదీ వీసీడీలే. నోయిడాకు చెందిన మోజర్ బేర్ సంస్థ 2007లో సినిమా వీసీడీని 28 రూపాయలకు అమ్మకానికి పెట్టిన తరువాత, కొత్త సినిమా టికెట్టు కంటే సినిమా సీడీయే చవక అనిపించిన రోజులు వచ్చాయి.

ఇక ఆటపెట్టెల వైపు వద్దాం. 1994 నవంబరులో జపానులో సెగా సంస్థ సాటర్న్ అనే పెట్టెను, డిసెంబరులో సోనీ సంస్థ ప్లేస్టేషన్‌ను విడుదల చేశాయి. రెండింటికీ సీడీయే ఆధారం. సాటర్న్‌కు వీడియో సీడీ చూపే కార్డును విడిగా అమ్మారు. సోనీ ఆసియా విపణి కోసం, వీసీడీ చూపగల తెల్లని ప్లేస్టేషన్ ఒకటి, ఎస్‌సీపీహెచ్-5903 అనే గుర్తుతో, ప్రత్యేకంగా చేసింది. అంటే బొమ్మ చూపడం ఆ పెట్టెలకు అసాధ్యమైన పని కాదు.

ఆటల దగ్గర మాత్రం తాళం గట్టిది. ప్లేస్టేషన్ సీడీ లోపలి అంచున ఉన్న గాడిని, కర్మాగారంలోనే కావాలని, కంటికి కనబడనంత సన్నగా మెలికలు తిప్పేవారు. ఆ మెలికలలో ఆ సీడీ ఏ ప్రాంతానికి చెందినదో తెలిపే అక్షరాలు ఉండేవి. ఇంటి పరికరం సీడీలోని అంకెలన్నీ పొల్లుపోకుండా నకలు తీయగలదు గాని, ఆ మెలికను తీయలేదు. మెలిక లేని సీడీని పెట్టె ఆటగా అంగీకరించదు.

డ్రీమ్‌కాస్ట్ జపానులో 1998 నవంబరు 27న, అమెరికాలో 1999 సెప్టెంబరు 9న వచ్చింది. 200 మెగాహెర్ట్‌జ్ వేగం గల హిటాచీ ఎస్‌హెచ్-4 ప్రాసెసరు, 16 మెగాబైట్ల ముఖ్య స్మృతి, ఇంటర్నెట్టుకు మోడెము. ఇది సెగా వేసిన తాళం మరొక రకం. యమహా సంస్థతో కలిసి జీడీ-రామ్ అనే కొత్త డిస్కు చేయించింది. దాని లోపలి వలయం మామూలు సీడీ. వెలుపలి వలయంలో రాత మరింత చిక్కగా ఉంటుంది. మొత్తం సుమారు ఒక గిగాబైటు పడుతుంది. ఇంటి సీడీ పరికరాలు ఆ చిక్కని రాతను చదవనూ లేవు, రాయనూ లేవు. ఆట ఉండేది ఆ చిక్కని భాగంలోనే. కోట దుర్భేద్యమనే సెగా నమ్మింది.

అయితే 1999లో ఆ సంస్థే మిల్-సీడీ అనే మరొక రూపం ప్రవేశపెట్టింది. ఇది సంగీతపు సీడీ. మామూలు ప్లేయరులో పెడితే పాటలు వినవచ్చు; డ్రీమ్‌కాస్ట్‌లో పెడితే బొమ్మలూ వీడియోలూ చూడవచ్చు, ఇంటర్నెట్టుకూ వెళ్లవచ్చు. ఇది సాధ్యం కావాలంటే ఆ పెట్టె మామూలు సీడీ నుంచి కూడా ప్రోగ్రామును నడపాలి. అదే ఆ చిన్న తలుపు. పాదప్రక్షాళనలో ఏమరిన ఒక్క చోటు నుంచి కలి నలమహారాజులో ప్రవేశించిన కథ మనకు తెలిసినదే కదా. మిల్-సీడీలుగా వెలువడినవి జపానులో వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. తలుపు మాత్రం లోకంలోని డ్రీమ్‌కాస్టులన్నిటికీ అమర్చి ఉన్నది.

ఆ తలుపుకు ఒక గొళ్లెం లేకపోలేదు. సీడీ నుంచి ప్రోగ్రామును ఎక్కించుకొనేటప్పుడు డ్రీమ్‌కాస్ట్ దాని ముక్కలను ఒక నియత క్రమంలో అటూ ఇటూ మారుస్తుంది. జీడీ-రామ్ నుంచి ఎక్కించుకొనేటప్పుడు ఆ మార్పు లేదు. బంధకవిత్వం చదివినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పద్యంలోని అక్షరాలు చక్రంలోనో నాగంలోనో ఏ గదిలో ఏది పడాలో తెలిసి కూర్చితేనే చదువరికి పద్యం దొరుకుతుంది. అలాగే పెట్టె మార్చబోయే క్రమం ముందే తెలిసి, ప్రోగ్రామును దానికి తగినట్లు చెదరగొట్టి రాయాలి. ఆ క్రమాన్ని పెట్టెను పరిశీలించి కనుగొన్నారు.

సీడీ కూర్పుకూ ఒక పద్ధతి ఉన్నది. రెండు విడతలుగా రాయాలి. మొదటి విడతలో ధ్వని. నాలుగు సెకన్ల నిశ్శబ్దమైనా చాలు, 302 గదులు. విడతల నడుమ నియమం ప్రకారం వదలవలసిన చోటు 11,400 గదులు. కనుక రెండవ విడత 11,702వ గది వద్ద మొదలవుతుంది. ప్రోగ్రామూ వీడియో ఫైలూ ఆ విడతలో ఉంటాయి. ఫైళ్ల చిరునామాలను డిస్కు మొదటి నుంచి లెక్కిస్తారు కాబట్టి, ఆ 11,702 అనే అంకెను కూర్పు చేసే ప్రోగ్రాముకు ముందే చెప్పాలి. లేకపోతే పెట్టె ఫైలు కోసం లేని చోట వెదుకుతుంది.

ఈ తలుపు గుండా రెండు తెగలవారు వచ్చారు. మొదటివారు ఆటలను దొంగిలించేవారు. 2000 జూనులో యుటోపియా అనే బృందం ఒక ఆరంభ డిస్కును విడుదల చేసింది. దానితో నకలు ఆటలు ఏ మార్పూ చేయని పెట్టెలోనే ఆడడం మొదలైంది. ఇది గ్రంథచౌర్యం వంటిదే. ఆట రాసినవాడి కూడు తీసినట్లే. దానిని సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

రెండవవారు సొంతగా రాసుకొనేవారు. వీరు సెగా పరికరాల మీద ఆధారపడక, ఉచితంగా దొరికే జీసీసీ కంపైలరుతో, కల్లిస్టీఓఎస్ అనే స్వేచ్ఛా గ్రంథాలయంతో, ఆ పెట్టెకు ప్రోగ్రాములు రాశారు. లినక్స్, నెట్‌బీఎస్‌డీ నిర్వహణ వ్యవస్థలను దాని మీద నడిపారు. వీడియో చూపే ప్రోగ్రాములూ రాశారు. ఎస్‌హెచ్-4కు ఆ పని కొత్తది కాదు. ఆటల నడుమ వచ్చే దృశ్యాల కోసం సీఆర్‌ఐ వారి సోఫ్‌డెక్ అనే పద్ధతి ఎంపెగ్-1 ఆధారంగా ముందు నుంచీ అందులో నడుస్తున్నదే. ఆ కాలంలోనే డివ్ఎక్స్ అనే కుదింపు పద్ధతి వ్యాపించింది. 1999లో ఫ్రెంచి ప్రోగ్రామరు జెరోమ్ రోటా మైక్రోసాఫ్ట్ వారి ఎంపెగ్-4 కోడెక్‌ను మార్చి చేసినది మొదటిది. 2001లో ఓపెన్‌డివ్ఎక్స్ పేరిట మూలం బయటపెట్టిన కొత్త రూపం వచ్చింది. రెండు వీసీడీల సినిమా ఒక్క సీడీలోనే ఇమిడింది. డీసీడివ్ఎక్స్ అనే ప్రోగ్రామును, వీడియోను ఒకే సీడీ మీద రాసి డ్రీమ్‌కాస్ట్‌లో పెడితే, అది తనంత తాను లేచి టీవీలో సినిమా చూపింది. సెగా ఎన్నడూ అమ్మని సినిమా ప్లేయరును జనం ఇంట తయారు చేసుకొన్నారు.

2000 చివరిలో తయారైన కొన్ని పెట్టెలలో సెగా ఆ తలుపు మూసివేసింది. అప్పటికే ఆలస్యమైంది. 2001 జనవరి 31న, మార్చితో డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపివేస్తున్నామని ప్రకటించింది. నకలు సీడీలే దానిని ముంచాయని చెప్పడం కొందరికి అలవాటు. అది సగం మాట. 2000 మార్చిలో వచ్చిన ప్లేస్టేషన్ 2 డీవీడీ సినిమా కూడా చూపింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద సంస్థ డ్రీమ్‌కాస్ట్‌కు ఆటలు చేయలేదు. సాటర్న్ నాటి నష్టాలు సెగా మెడకు గుదిబండగా ఉన్నాయి. కారణాలు అనేకం.

నన్ను ఆలోచింపజేసినది ఆ తరువాతి కథ. యజమాని వదిలేసిన ఆ పెట్టె చావలేదు. దాని లోపలి మర్మాలను ఔత్సాహికులు రాసిపెట్టారు. కల్లిస్టీఓఎస్‌ను నేటికీ సవరిస్తూనే ఉన్నారు. తాళం వేసినవారు వెళ్లిపోయారు, చదివే విధానం రాసిపెట్టినవారు మిగిలారు. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, తాళపత్రాలను పోల్చి చూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఆయన రాయించిన ప్రతులు లేకపోతే మన గ్రంథాలలో ఎన్ని నిలిచేవో ఊహించుకోవచ్చు. గ్రంథం ఆకు గట్టిదనం వల్ల బతకదు, మళ్లీ మళ్లీ ప్రతి రాయడం వల్ల బతుకుతుంది.

ఇంట రాసిన సీడీకి తాళపత్రం పాటి ఆయువు కూడా లేదు. అందులో అక్షరం రంగుపూత మీద లేజరు వేసిన మచ్చ. ఎండకు ఆ రంగు వెలుస్తుంది. మెరిసే పొర పేరు రాసే వైపున, పలుచని లక్క కిందనే ఉంటుంది. గట్టి కలముతో రాస్తే అటునుంచే చెడుతుంది. ప్లేయర్లు ఇళ్లలోంచి పోయాయి, కొత్త ల్యాప్‌టాపులలో సీడీ పెట్టే చోటే లేదు. కోట్ల డిస్కులు చేసిన మోజర్ బేర్ సైతం 2018లో మూసివేతకు వెళ్లింది. సినిమా పోతే మరొకచోట దొరుకుతుంది. తాతగారు నడిచి వచ్చిన పెళ్లి, అమ్మమ్మ మాట వినబడే ఉపనయనం ఆ ఒక్క సీడీలోనే ఉన్నాయి.

వీసీడీకి తాళం లేకపోవడం ఇక్కడ మన అదృష్టం. వైట్ బుక్ పద్ధతి లోకానికి తెలిసినది; వీఎల్‌సీ వంటి ఉచిత ప్రోగ్రాము దానిని నేటికీ చదువుతుంది. బీరువాలో ఉన్న పెళ్లి సీడీలను ఈ సెలవులలో బయటికి తీయండి. సీడీ చదివే పరికరం ఉన్న మిత్రుడి కంప్యూటరులోకి వాటిని ఎత్తించి, రెండు చోట్ల ప్రతులు ఉంచండి. గీతలు పడిన సీడీల నుంచి బొమ్మను రాబట్టిన అనుభవజ్ఞులు మన చదువరులలో ఉంటే, ఆ విధానం వివరంగా రాయవలసిందని కోరుతున్నాను.