నాన్‌షున్: పట్టునూలు కట్టిన ఊరు

చీనాదేశమున యాంగ్‌ట్సీ మహానది ముఖద్వారమునకు దక్షిణమున, తైహూ సరస్సు దాపున, కాలువలే వీథులుగను పడవలే బండ్లుగను శతాబ్దములపాటు జీవించిన చిన్న పట్టణములు పెక్కు గలవు. హూజౌ మండలములోని నాన్‌షున్ వానిలో నొకటి. షాంఘై నుండి ఉదయమున బయలుదేరిన యాత్రికుడు మధ్యాహ్నమునకు ముందే యిచ్చటికి చేరి, రాతివంతెనలను, నీటియంచున బారులుదీరిన బైజియన్‌లౌ అనబడు పెంకుటిండ్లను చూచి, కొంతసేపు పడవలో విహరించి, సంధ్యవేళకు మరల నగరమునకు పోవుచున్నాడు. ఆ దృశ్యము మనోహరమే యైనను, ఈ యూరి పూర్వకథ యెఱుగగోరువాడు మొదట తెలిసికొనవలసినది ఆ నీరు ఇచ్చట నేమి పని చేసినదను సంగతి.

ఈ ప్రాంతమంతయు పల్లపు నేల. నిలువనీటితో వ్యవసాయము సాగని చోట పూర్వులు నేలను త్రవ్వి చెఱువులు చేసి, తీసిన మన్ను చుట్టును గట్లుగా పోసి, గట్లపై మల్బరీ నాటిరి. మల్బరీ ఆకు పట్టుపురుగులకు మేత; పురుగుల పెంటయు, పట్టుకాయలనుండి దారము తీయగా లోపల మిగిలిన పురుగులును చెఱువులోని చేపలకు ఆహారము; చేపల మలముతో సారవంతమైన అడుగు బురదను ఎత్తి గట్లపై పోసినచో అదియే మరల మల్బరీకి ఎరువు. ఏదియు వృథా పోనీయని యీ వ్యవసాయపద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017 లో ప్రపంచ ప్రాముఖ్యము గల వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. నా మట్టుకు నాకు నాన్‌షున్ మేడలన్నిటికంటెను ఈ మట్టిగట్లే ఘనతరములుగా తోచుచున్నవి.

దక్షిణ సుంగ్ రాజుల కాలమున, 1252 లో, నాన్‌షున్ పట్టణమైనది. హూజౌ నుండి తూర్పుగా సాగు దితాంగ్ కాలువ, తాంగ్ యుగమున దానిని బాగుచేయించిన యూ ది అను అధికారి పేరు నేటికిని ధరించి, ఈ యూరిని దేశపు మహాకాలువతో కలుపుచున్నది. సమీపమున గల ఛీలీ గ్రామపు నిర్మలజలములో తీసిన పట్టుదారము సన్నదనమునకును, తెల్లదనమునకును, గట్టిదనమునకును పేరొంది ఛింగ్ చక్రవర్తుల వస్త్రములకు సైతము పోయెడిది. 1842 నాటి నాన్‌జింగ్ సంధి ననుసరించి మరుసటి యేట షాంఘై రేవు పరదేశవర్తకులకు తెఱవబడగా, అంతవఱకు కొండలు దాటి దూరపు కాంటన్ చేరవలసిన యీ సరకు, ఇంటిముంగిటి కాలువలో పడవనెక్కి, ఆ పడవ దిగకయే విదేశపుటోడల చెంతకు చేరసాగెను. 1851 లో లండన్ మహాప్రదర్శనమునకు షాంఘై వర్తకుడు షూ రోంగ్‌త్సున్ పంపిన హూజౌ పట్టు బహుమానమందెను.

ఆంగ్లము నేర్చి దుబాసీలైన యీ యూరివారు అచిరకాలముననే కోటీశ్వరులైరి. వారి సంపదల తారతమ్యమునుబట్టి జనులు ‘నాలుగు ఏనుగులు, ఎనిమిది ఎద్దులు, డెబ్బదిరెండు బంగారు కుక్కలు’ అని లెక్కించిరి. ఏనుగులలో నొకటియైన జాంగ్ వంశపువారి భవనమున ముందు చీనా మండువాలును, వెనుక ఫ్రెంచిగాజు పలకలు పొదిగిన నృత్యశాలయు నున్నవి. పిదప యంత్రములు తీసిన జపాను దారముతో చేతినూలు పోటీపడజాలకపోయెను. 1937 లో జపాను సైన్యము వచ్చిపడుటతో పతనము పూర్తియైనది.

ఆ ధనమునుండి పుట్టిన ఉత్తమఫలము జియాయె గ్రంథాలయము. బట్టలకొట్టులో పనివాడుగా జీవితమారంభించి పట్టువర్తకమున ధనికుడైన ల్యూ యోంగ్‌కు మనుమడగు ల్యూ చెంగ్‌గాన్, 1911 విప్లవానంతరము ప్రాతకుటుంబములు తమ గ్రంథములను అమ్ముకొనుచుండగా వానిని విరివిగా కొని, 1920 మొదలు 1924 వఱకు ఈ భవనము కట్టించెను. అగ్నిభయము సోకకుండ చుట్టును నీటికాలువ నుంచుటలో ఆ సీమ స్వభావమే కనబడుచున్నది. కొని దాచుటతో తృప్తిపడక, ఛింగ్ ప్రభుత్వము నిషేధించిన గ్రంథములను సైతము చెక్కపలకలపై చెక్కించి స్వంతవ్యయముతో ఆయన ముద్రింపించెను. ఒక్క పగలే వ్యవధి గల యాత్రికుడు పడవవిహారమును తగ్గించుకొనియైనను ఈ గ్రంథాలయమును చూడవలెను. 1951 లో ల్యూ దీనిని జెజియాంగ్ గ్రంథాలయమునకు దానము చేసెను. ఆయన చెక్కించిన పలకలు వేలకొలది నేటికిని అచ్చటనే భద్రముగ నున్నవి.