వలస యను మాట



మన కులసభలలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. కర్ణాటకమునందలి మన బంధువులను గూర్చి, “వారు వలసపోయినవార”ని మనవా రందురు. ఆ బంధువులును మనలను గూర్చి యదియే మాట యందురు. ఎవరు పోయిరి? ఎవరు నిలిచిరి? ఈ తగవు తీర్చుటకు ముందు ఆ మాటకు అర్థ మేమో విచారించుట యుక్తమని తలంచి యీ నాలుగు పంక్తులు వ్రాయ సాహసించుచున్నాము.

ఆంగ్లేయులు ఎల్ల దాటుటకు రెండు మాటలు కల్పించుకొనిరి. స్వదేశమును విడిచి పోవుట ‘ఎమిగ్రేషన్’. పరదేశమున ప్రవేశించుట ‘ఇమిగ్రేషన్’. పోవువాడును వచ్చువాడును ఒక్కడే యైనను, చూచువాడు నిలిచిన చోటునుబట్టి పేరు మారును. కన్నడమున ఈ రెంటికిని మూలపదము ‘వలసె’ యను నొక్కటియే. ‘వలసె హోగు’ అనిన పోవుట; ‘వలసె బరు’ అనిన వచ్చుట. క్రియ మారునేగాని పేరు మారదు. పోయినవాడును వచ్చినవాడును ‘వలసిగ’యే. మన తెలుగున ‘వలసపోవు’, ‘వలసవచ్చు’ అనునవియు నిట్టివే. ఒక్క మనుష్యుని రెండుగా చీల్చని యీ పలుకుబడి యందు మన పూర్వుల వివేకము గోచరించుచున్నది.

అయితే ఈ మాటకు పూర్వార్థము సుఖమైనది కాదు. శత్రుసైన్యము వచ్చుచున్నదన్న భయమున ఇల్లు వాకిలి విడిచి పోవుటయే వలస యని పాత నిఘంటువులు చెప్పుచున్నవి. తమిళమునందలి ‘వలసై’ యను మాటకును ఇదియే యర్థము. ఉత్తర కర్ణాటకమున వానలు లేక కూలికై పల్లె విడిచి పోవుటకు ‘గుళె’ యను వేరుమాట కలదు. భయమునకు ఒక మాట, ఆకలికి ఒక మాట! శ్రీకాకుళప్రాంతమున ఆమదాలవలస, రావివలస మున్నగు గ్రామనామములలో ఆ మాటయే ఊరై స్థిరపడినది. కదలికకు పేరైనది నివాసమునకును పేరగుట గమనింపదగినది.

ఒక్క భేదము మాత్రము చెప్పక తప్పదు. ఆంగ్లేయుల యేలుబడిని మనము ‘వలసపాలన’ యందుము; కన్నడిగులు ‘వసాహతు’ అను వేరుమాట వాడుదురు. మన భాషయందు నిరాశ్రయుడై వచ్చినవానికిని, రాజ్యము గొన వచ్చినవానికిని ఒక్క మాటయే తగులుకొన్నది. కావున వినువాడు జాగరూకుడై యుండవలెను.

ఇక చరిత్రను చూతము. నేతవృత్తివారి వలసకు మందసోరు శాసనమును మించిన నిదర్శనము అరుదు. లాటదేశమునందలి పట్టునేతగాండ్ర శ్రేణి దశపురమునకు తరలివచ్చి, క్రీ. శ. 436 ప్రాంతమున తమ ధనముతో సూర్యాలయము కట్టించిరి. అది శిథిలము కాగా 473 ప్రాంతమున మరల బాగుచేయించిరి. వత్సభట్టి రచించిన ఆ శాసనమునుబట్టి, వారిలో కొందరు మగ్గమునే నమ్మియుండిరి; కొందరు విలువిద్యను, కొందరు జ్యోతిషమును అవలంబించిరి. వృత్తులు మారినను శ్రేణి చెదరలేదు. వచ్చినవారు ఊరికి భారము గాక ఆలయదాతలైరి.

దక్షిణదేశమునను ఇట్టి గాథలు కొల్లలు. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా రాజధాని పెనుగొండకును, పిదప చంద్రగిరికిని తరలెను. రాజ్యముతోడ ప్రజలును తరలిరి. నేటికిని దేవాంగులలో తెలుగు మాటలాడువారును, కన్నడము మాటలాడువారును కలరు. కోయంబత్తూరు, సేలము ప్రాంతములందు తమిళుల నడుమ కన్నడమే యింటిభాషగా గలవారును కలరు. మధురలోని పట్టునూలువారు సౌరాష్ట్రభాషను విడువలేదు. ఊరు విడిచినను పలుకు విడువకుండుట వలసవారి ధర్మమై కనబడుచున్నది.

మరియొక వింత వినుడు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్లారి మైసూరులో చేరినది. 1956లో రాయచూరును మైసూరులో కలిసినది. నాడు ఎవ్వరును మూట గట్టలేదు, బండి కట్టలేదు. మనుష్యులు ఉన్నచోటనే యుండగా ఎల్ల జరిగినది. ఎల్లకు కన్నడమున ‘గడి’ యని పేరు; తెలంగాణమున ‘గడి’ యనగా దొరవారి కోట. ఒకరికి పొలిమేరయైన మాట మరియొకరికి ప్రాకారమైనది! ఆ పొలిమేరను మనము మన మనస్సులలో ప్రాకారముగా కట్టుకొనరాదని మా విన్నపము.

ఏలయన, నేడు సంబంధములు కుదుర్చునప్పుడు “వారి యింట కన్నడము, మనకు పొసగదు” అనువారు మనలో లేకపోలేదు. నిన్న మొన్న పని వెదకికొనుచు వచ్చిన కుటుంబమును సభ్యత్వపు పట్టీలో చేర్చుటకు సంకోచించువారును కలరు. అట్టివారు తమ తాతముత్తాతలు ఏ త్రోవను వచ్చిరో ఒక్కమారు స్మరింతురు గాక. మనలో వలస యెరుగని వంశ మేది?

కావున వృద్ధులు జీవించియుండగనే ప్రతికుటుంబమువారును తమ పూర్వగ్రామము, వచ్చిన త్రోవ, ఇలవేల్పు, ఇంటిభాష వ్రాసి యుంచవలెననియు, పోషకులు వానిని రెండు లిపులలోను అచ్చువేయింప పూనుకొనవలెననియు వేడుచున్నాము. అప్పుడు ‘వలస’ నిందగాక వంశచరిత్ర యగును. పడుగు ఒకరిది, పేక మరియొకరిది యైనను వస్త్ర మొక్కటియే గదా!

శుభం భూయాత్.