పలక వెనుక చౌడు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పలునకు చేరువలో, ఒకనాడు ఆముదపు చేలును జొన్నచేలును ఉండిన ఎర్రనేలలో ఇప్పుడు ప్రహరీలు కట్టుకొని వెలసిన ఫాంహౌసులలో ఒకదానికి, మిత్రుని ఆహ్వానముపై గడచిన వేసవిలో పోయినప్పుడు, ఆ యింటి ఈతకొలనులోని నీరంతయు తోడివేయబడి నీలి టైల్సు ఎండకు మెరయుచుండగా, ఆరు పదులు దాటిన మేస్త్రి యొకడు అడుగున గొంతుకూర్చుండి, తాపీని తలక్రిందులుగా పట్టుకొని, దాని కొయ్యపిడితో ఒక్కొక్క పలకను తట్టుచు చెవి యొగ్గి వినుచుండుట చూచితిని. కొన్ని పలకలు టక్కుమని గట్టిగా పలికినవి. కొన్ని బీట వారిన కుండవలె మ్రోగినవి. అట్లు మ్రోగినవానిపై నతడు సుద్దముక్కతో గీత గీయుచు పోయెను.

"మీద అద్దం లెక్క మెరుస్తది గని, ఎన్క డొల్ల ఉన్నది సారూ. సందులకెల్లి నీళ్లు లోపటికి వొయినయి" అని యతడు చెప్పినప్పుడు, గట్టున నిలిచి అంతవరకును పలకలు చేసినవారిని తిట్టుచుండిన యజమాని మాటాడకుండెను.

పలక ముందునుండి చెడునది కాదు, వెనుకనుండి చెడునది. ఈ ప్రాంతపు వారికి ఇది క్రొత్త సంగతియేమియు కాదు. గోడకు చౌడు పట్టుట యనగా నేమో ఎరుగని యిల్లాలు ఇక్కడ లేదు. నీట కరిగిన లవణములు తడితో గూడ గోడలోనికి చొచ్చి, తడి యారినప్పుడు లోపలనే స్ఫటికములై పెరిగి, పైపూతను వెలుపలికి నెట్టివేయును. ఊరి పేరులోనే చౌడును ఉప్పును నాకు వినిపించుచుండును. అది నా చెవి భ్రమయే కావచ్చును గాని, బోరునీటి రుచి మాత్రము భ్రమ కాదు. పాత నల్లగొండ జిల్లాలోని నీటి ఫ్లోరైడు బాధ జగద్విదితము. ఇంటింటికి త్రాగునీరందించు పథకమునకు 2015 జూన్ 8న పైలాను నావిష్కరించుటకు చౌటుప్పలునే యెన్నుకొనుటలో ఆ బాధకు పాలు లేదనలేము.

వెనుకనుండు పొర విలువ ఎరిగినవారు పూర్వమే కలరు. మొహంజొదారోలో 1925–26 తవ్వకములలో బయల్పడిన మహాస్నానవాటిక పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు 2.4. దాని ఇటుకలను అంచులపై నిలిపి జిప్సము గారతో కూర్చిన పనివాడు, ఆ ఇటుకల నేర్పునే నమ్ముకొని యూరకుండక, గోడ వెనుక కీలువంటి తారుపూతను దట్టముగా పట్టించెను. నాలుగువేల యేండ్లకు పైబడియు ఆ గోడ నిలిచియుండుట చూడగా, కంటికి కనబడని పొరకు అతడు పడిన శ్రమయే నాకు గొప్పగా తోచును.

దీనికి ప్రతిపక్షమైన ఉదాహరణము మన రాజధాని హైదరాబాదులోనే కలదు. మహమ్మదు కులీ కుతుబుషా కట్టించిన బాద్షాహీ ఆషూరుఖానా యను మొహర్రము సంతాపమందిరపు గోడలకు 1611 నాటికి అమర్చిన జిలుగుపలకల పని, పసుపు, నీలము, ఆకుపచ్చల తళుకులతో నేటికిని చూపరులను నిలువరించును. 1908 సెప్టెంబరు 28న పొంగిన మూసీ వరద ఆ కట్టడమును ముంచి పలకలను పాడుచేసినది. పోయినచోట పిమ్మటివారు పలకలు పెట్టలేక, ఆ రూపములనే గోడపై రంగులతో చిత్రించిరి. దూరమునుండి తేడా తెలియదు. దగ్గరకు పోయి చూచినవానికి, వెలుగును త్రిప్పికొట్టు పలకకును దానిని మ్రింగు రంగునకును గల భేదము తెలియును. చిత్రించినవారిని తప్పు పట్టను. వరద వారు తెచ్చినది కాదు.

మన కొలనులకు వచ్చు వరద రోజుకు చెంచెడు. ఎండకు నీరు ఆవిరియై పోవును, సున్నము మిగులును; తరిగిన నీటికి బదులు అదే బోరునీటిని పోయగా అది మరింత చిక్కబడును. పైగా సున్నము పంచదార వంటిది కాదు: వేడిమి పెరిగిన కొలది కరుగుటకు మారుగా నీటిని విడిచి బయట పడును. కనుకనే వేసవిలో నీటి అంచు వెంబడి పలకలపై తెల్లని చార గట్టిపడును. దానిని వారమునకొకమారు మెత్తని బ్రష్షుతో తోమినచో పోవును. ఆరు నెలలు ఉపేక్షించిన పిమ్మట మన పనివారి చేయి ఆసిడు డబ్బా వైపు పోవును. చారపై బుసబుస పొంగినట్లే ఆ ఆసిడు సందులలోని సిమెంటుపైనను పొంగును. దానికి శత్రు మిత్ర భేదము లేదు. చార పోయి పలక మెరయును, సందు గుల్లయగును. ఇనుప పీచుతో రుద్దుట మరియొక దుర్వ్యసనము. జిలుగు గీతలు పడుటయే గాక, విరిగిన పోచలు త్రుప్పుపట్టి మచ్చలగును.

1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాంజెలియరు, నీటి గొట్టముల నిమిత్తము, నీరు సున్నమును పేర్చునదియో తినివేయునదియో తేల్చు సూచికనొకదానిని నిర్ణయించెను. గొట్టముల కేర్పడిన ఆ లెక్కయే నేడు ఈతకొలనులకు శాస్త్రమైనది. పీహెచ్ 7.2కు తగ్గక 7.8కు మించక, క్షారత లీటరుకు 80 నుండి 120 మిల్లీగ్రాముల నడుమ, కాల్షియము కాఠిన్యము 200 నుండి 400 వరకు నుండిన చాలునందురు. వాననీరు మెత్తనిది గదా, దానినే నింపుదమనుకొనువారు ఒక్క మాట వినవలెను: సున్నము లేని నీరు ఆకలిగొన్న నీరు, తనకు కావలసిన సున్నమును సందులనుండియే తీసికొనును. బోరునీటిలో వాననీటిని కలిపి, పరీక్షించి పోయుట మేలు.

కొలనును ఊరక ఎండగట్టుటయు మంచిది కాదు. ఎండలో పలకయు, వెనుక సిమెంటును ఒకే తీరున సాగవు. వానకాలమున నేలలోని ఊట ఖాళీ కొలనును అడుగునుండి పైకి నెట్టును.

సాయంకాలమునకు మేస్త్రి సుద్దగీతలను లెక్కించి, ఆ గీతలున్న పలకలను మాత్రమే యూడదీసి, వెనుకనున్న పాత గారను ఉలితో చెక్కి, అరచేతితో తడిమి దుమ్ము పోయినదని రూఢి చేసికొని, క్రొత్త గారను పలక వెనుక అంచులవరకు ఖాళీ లేకుండ పరచి, పిడితో మరల తట్టి వినెను. నీళ్లెప్పుడు పోయవచ్చునని యజమాని యడిగెను.

"ఇర్వై దినాలు ఆగుండ్రి సారూ. పండుగకని జల్ది చేస్తే, మల్ల నన్నే పిలుస్తరు" అని తాపీ కడుగుకొనుచు మెట్లెక్కెను.