తెగిన చెప్పు - రాయని చరిత్ర

పాత వస్తువును పారేయొద్దు, మళ్లీ వాడుకోవాలని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. పాత బూట్లు పోగుచేసి, బాగుచేయించి, బడిపిల్లలకు పంచే సంస్థలున్నాయి. టైరు ముక్కలతో చేసిన చెప్పులు పట్నం షాపుల్లో 'పర్యావరణ హితం' అనే చీటీతో అమ్ముడుపోతున్నాయి. మంచిదే. కాని ఈ ముచ్చట మొత్తంలో ఒక ప్రశ్న వినపడదు. ఈ దేశంలో ఇన్ని తరాలుగా తెగిన చెప్పును చేతిలోకి తీసుకొని, దాన్ని మళ్లీ కాలికి పనికొచ్చేటట్టు చేసింది ఎవరు? ఆ పనికి వాళ్లకు ముట్టిందేమిటి? ఈ రెండు ప్రశ్నలు అడక్కుండా పాత చెప్పుల గురించి మాట్లాడటమంటే శ్రమను దాచిపెట్టి ఫలితాన్ని మెచ్చుకోవడమే.

నేను నల్లగొండ జిల్లాలో మాదిగ ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే మొదలు. మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. మా నాయిన బస్టాండు కాడ గొడుగు కింద చెప్పులు కుట్టిండు. కాబట్టి ఈ చరిత్ర నాకు లైబ్రరీలోనే దొరికింది కాదు. అయితే ఇంటి జ్ఞాపకమొక్కటే చరిత్ర అయిపోదు. జ్ఞాపకాన్నీ కాగితాన్నీ ఎదురెదురు పెట్టి చూడాలి.

తోలుకు ఎన్ని బతుకులు

చచ్చిన ఎద్దును మోసుకుపోయి, తోలు ఒలిచి, సున్నంలో వేసి, వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్కతో పదును చేస్తే పచ్చితోలు పనికొచ్చే తోలవుతుంది. ఇక్కడిదాకా చాలామంది రాశారు. ఆ తర్వాత ఆ తోలు ఏమైందన్నది తక్కువమంది రాశారు.

మోట సేద్యమున్న రోజుల్లో మంచి తోలు ముందు బావికి పోయేది. మోట బొక్కెనకు, దాని తొండానికి తోలు కావాలి. ఎద్దులు గుంజుతుంటే బొక్కెన రోజంతా నీళ్లలో మునిగి లేస్తుంది. కుట్లు ఊడతాయి, బావి ఒరకు రాసుకొని చిల్లులు పడతాయి. కుట్టినోడే మళ్లీ వచ్చి అతుకు వేయాలి. అతుకులు వేసీ వేసీ ఇక ఆగదన్నప్పుడు బొక్కెనను కోసేవాళ్లు. గట్టిగా మిగిలిన ముక్క చెప్పు అట్ట అయ్యేది. అంతకంటే చిన్న ముక్క ఉంగటం అయ్యేది. ఇంకా మిగిలినవి వార్లు, చర్నాకోల కొసలు. చెప్పు అరిగినా దాని బతుకు అయిపోయేది కాదు. అరగని భాగాన్ని కోసి ఇంకో చెప్పు మడమ కింద పొరగా పెట్టేవాళ్లు.

దీన్ని చేతివాటం అని తేలిగ్గా తీసేయొద్దు. వీపు తోలు మందం, అట్టకు ఆగుతుంది. పొట్ట తోలు సాగుతుంది, అట్టకు పనికిరాదు. ఎండిన పాత తోలును నానబెట్టకుండా ఆరె గుచ్చితే చీలిపోతుంది. ఆముదం పట్టిస్తే మెత్తబడి ఎక్కువ రోజులుంటుంది. ఇది పదార్థం గురించిన జ్ఞానం. బడిలో చెప్పలేదు కాబట్టి దీన్ని ఎవరూ శాస్త్రమనలేదు.

లెక్కకు రాని పని

ఊళ్లో ఆయగాండ్లకు కళ్లం మీద మేర కొలిచేవాళ్లు. మాదిగకు కూడా కొలిచేవాళ్లు. దానికి బదులు కాపు ఇంటికి చెప్పులు కుట్టాలి, మోట సామాను చూసుకోవాలి. ఏడాది పొడుగునా ఏది తెగినా బాగుచేయాలి. చెప్పు కుడితే ఒక జత అని లెక్క ఉంటుంది. బాగుచేయడానికి ఆ లెక్క కూడా లేదు. పొద్దున ఉంగటం తెగినా, మాపటికి బొక్కెన చిల్లుపడినా పిలుపు వచ్చేది. 'గింత అతుకు పని' అనే మాటలో ఆ శ్రమంతా మాయమైపోయేది.

నిజాం రాజ్యంలోని తెలంగాణలో ఇది వెట్టి రూపం తీసుకుంది. తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువడ్డ పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం దీన్ని నమోదు చేసింది. దొరల ఇండ్లకు చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాను ఊరికే ఇవ్వాల్సి వచ్చిందని అందులో ఉంది. వలస పాలకుల కాలపు కులాల పుస్తకాలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల్లో నాలుగోదానిలో మాదిగల మీద పెద్ద అధ్యాయమే ఉంది. అందులో పెళ్లి తంతులు, దేవతలు, మాతంగి ఆచారాలకు దొరికినంత చోటు పనికి దొరకలేదు. మనం వాళ్లకు వింత మనుషులం, శ్రమజీవులం కాదు.

మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1900ల మొదటి ఏళ్లలో క్రోమ్ తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. నీళ్లకు తట్టుకొనే తోలుతో మోట బొక్కెనలు చేస్తే ఎక్కువ కాలం వస్తాయన్నది ఆయన ఆలోచన. ఆ ప్రయోగం పారిశ్రామిక చరిత్రలోకి ఎక్కింది. అదే బొక్కెనను ఏటేటా అతుకేసి బతికించిన చేతులు మాత్రం ఎక్కలేదు.

ఆ కాలానికే మద్రాసు రేవునుంచి తోళ్ల ఎగుమతి పెద్ద వ్యాపారం. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) మద్రాసు తోళ్లు బ్రిటిష్ సైన్యం బూట్లకు పోయాయి. చచ్చిన పశువు తోలుకు ధర వచ్చింది. ధర వచ్చిన తోలు మాదిగ చేతిలో ఆగుతుందా? లాభం షావుకారుకు పోయింది, కంపు, అంటరానితనం మనకు మిగిలాయి.

ఇంకో అన్యాయం చెప్పాలి. బాగుచేసినోడు చెప్పులేసుకొని ఊరి నడివీధిలో నడవడానికి లేదు. అగ్రవర్ణాల ఇండ్ల ముందు చెప్పులు విడిచి చేతబట్టుకొని పోవాలి. 'చెప్పులు చంకల పెట్టుకొనే పోయేది బిడ్డా' అని మా నాయనమ్మ చెప్పేది. మాదిగ తాకిన కుండలో నీళ్లు మైల. అదే మాదిగ నీళ్లలో నానబెట్టి కుట్టిన చెప్పు తొడుక్కోవడానికి మాత్రం ఏ మైలా అడ్డం రాలేదు.

టైరు చెప్పు తెచ్చిన మార్పు

ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక 1960లు, 70లలో మోటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మా తాతకు రెండూ ఒకేసారి పోయాయి: పాత తోలూ పోయింది, మేరా పోయింది. అప్పుడు చేతికొచ్చింది అరిగిపోయిన లారీ టైరు. మా నాయిన రంపెను నీళ్లలో ముంచి ముంచి టైరును కోసేది. టైరు అట్టయింది, ట్యూబు పట్టీ అయింది. రిక్షా తొక్కేటోళ్లు, హమాలీలు, నాట్లకు పోయే కూలీలు అవి తొడిగారు. ఏళ్లకేళ్లు అరగవు. బతకడానికి పుట్టిన చెప్పు అది, ఫ్యాషన్‌కు కాదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. బస్టాండు కాడ కూర్చున్నంక మా నాయిన మొదటిసారి రేటు చెప్పిండు. ఉంగటానికి ఇంత, అట్టకు ఇంత. బేరం కుదరకపోతే 'పో' అన్నడు. ఊళ్లో మా తాత ఈ మాట అనగలిగేవాడా? చెయ్యి అదే, ఆరె అదే, పని అదే. కులధర్మంగా ఉన్నన్నాళ్లు ఆ పనికి ధర లేదు. కులం పట్టు కొంత సడలిన చోటనే దానికి ధర పుట్టింది. పాత చెప్పుల చరిత్రలో నాకు దొరికిన ముఖ్యమైన సత్యం ఇదే.

ఆ ధరా నిలబడలేదు. 1930లలో బెంగాల్లో మొదలైన బాటా కర్మాగారం దగ్గర్నుంచి యంత్రం చెప్పు పెరుగుతూ వచ్చింది. హవాయి చెప్పు పట్టీ తెగితే పేదోళ్లు పిన్నీసు పెట్టుకున్నారు. ఇప్పటి బూట్లలో చాలావాటికి అట్ట అచ్చుపోసి అతికించిందే, కుట్టు వేయడానికి సందు దొరకదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా నాయిన గొడుగు కూడా లేచిపోయింది.

మెచ్చుకోలు సరిపోతుందా?

చచ్చిన పశువులను మోయడం మానేస్తే మహార్లకు ఆదాయం పోతుందని బాధపడుతూ 'కేసరి' పత్రికలో ఉత్తరాలు వచ్చిన సంగతిని అంబేద్కర్ 1956 అక్టోబరు 15న నాగపూర్ ప్రసంగంలో గుర్తుచేశారు. అంత లాభముంటే ఆ పని మీరే చేయండి, పైన డబ్బు నేనిస్తాను అన్నది ఆయన జవాబు సారాంశం. ఈరోజు మన అతుకు పనిని 'పర్యావరణ సేవ' అని పొగిడేవాళ్లకు కూడా ఇదే జవాబు వర్తిస్తుంది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కొట్టారు. ఆ తర్వాత అక్కడి దళితులు పశువుల కళేబరాలను తెచ్చి ప్రభుత్వ కార్యాలయం ముందు పడేశారు. పని మానేయడమే ఎంత పెద్ద మాటో దేశం చూసింది.

గాంధీ దక్షిణాఫ్రికా జైల్లో కుట్టి స్మట్స్‌కు 1914లో ఇచ్చిన చెప్పుల జత చరిత్రలో ఉంది. కులం కొద్దీ లక్షల జతలు కుట్టినవాళ్లకు, బాగుచేసినవాళ్లకు పేర్లు కూడా లేవు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా, దాచుకున్న కులం పేరును పేరు చివర పెట్టుకొనే ధైర్యమిచ్చింది. ఆ ధైర్యంతోనే ఇప్పుడు మన పనికి లెక్క అడగాలి. పని గొప్పదే, జ్ఞానం గొప్పదే. కాని ఆ పని ఒక్క కులం నెత్తిన ఉండాలన్న రూలు గొప్పది కాదు. గౌరవం కావాలి, ధర కావాలి, వద్దనే హక్కు కూడా కావాలి.

చిన్నప్పుడు నేను రంపె పట్టుకోబోతే నాయిన చేతిమీద కొట్టి, 'నువ్వు ముట్టకు బిడ్డా, పలక పట్టు' అన్నడు. అందుకే ఆ పనిముట్ల పేర్లు నేను పరిశోధనకోసం ముప్పై ఏండ్లు దాటినంక ఆయన దగ్గర కూర్చొని రాసుకోవలసి వచ్చింది. విద్యార్థులకు, టీచర్లకు, కార్యకర్తలకు నాదొక విన్నపం. మీ ఊళ్లలో మోట కుట్టినవాళ్లు, టైరు కోసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయి అడగండి: ఏ తోలు, ఏ కుట్టు, ఎంత మేర, ఎవరు ఎగ్గొట్టారు? రాసి పెట్టండి. వాళ్లు పోతే ఈ లెక్క చెప్పే మనిషి ఉండడు.